తెనాలిలో ఉండి నాటక దర్శకుడిని కావచ్చా?

ప్రశ్న: డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. తెనాలిలోనే ఉండి నాటకాలకు దర్శకత్వం చేయాలని కోరిక. సోవియట్ కాలంలో లిథువేనియాలోని పానెవెజిస్ అనే చిన్న పట్టణం నుంచే పేరు తెచ్చుకున్న నాటక దర్శకుడు మిల్టినిస్ గురించి చదివాను. నేనూ ఆ దారిలో వెళ్లొచ్చా? ఇంట్లో ఉద్యోగం చూసుకోమంటున్నారు.

జవాబు: మంచి మనిషినే ఎంచుకున్నారు. అయితే ఆయన ఊరు చిన్నదన్న సంగతితో పాటు, ఆయనకు అక్కడ ఏమేం అమిరాయో కూడా చూడండి.

యుయోజస్ మిల్టినిస్ ముందు పారిస్ వెళ్లి షార్ల్ డ్యూలెన్ అనే ఫ్రెంచ్ నాటక దర్శకుడి దగ్గర పని నేర్చుకున్నారు. 1940లో పానెవెజిస్ థియేటర్ ఏర్పడినప్పుడు, తాను తయారుచేసుకున్న కుర్రాళ్లతోనే దాన్ని మొదలుపెట్టారు. సోవియట్ వ్యవస్థలో జిల్లా స్థాయి థియేటర్ కూడా ప్రభుత్వ సంస్థే. భవనం ఉంటుంది, నటులకు నెల జీతం ఉంటుంది. రిహార్సల్‌కి రావడమే వాళ్ల ఉద్యోగం. అందుకే ఆయన అవే ముఖాలతో ఏళ్ల తరబడి పనిచేయగలిగారు. 1972లో రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన 'సొలారిస్' సినిమాలో హీరో డోనతస్ బనియోనిస్ 1941లోనే ఆ బృందంలో చేరినవాడు. సినిమాల్లో అంత పేరొచ్చాక కూడా ఆ థియేటర్‌ని వదల్లేదు.

ఇక రెండో వైపు. ఏ నాటకం వేయాలన్నా పైవాళ్ల అనుమతి కావాలి. 1954లో మిల్టినిస్‌నే తీసేశారు. మళ్లీ 1959లో గానీ రానివ్వలేదు. జీతం ఇచ్చేదీ వాళ్లే, పొమ్మనేదీ వాళ్లే. తాను పెంచిన బృందానికి ఐదేళ్లు దూరంగా ఉండటం ఎంత నరకమో ఆలోచించండి.

మీ పరిస్థితి దీనికి తలకిందులు. ఏ నాటకం వేయాలో మీరే నిర్ణయించుకుంటారు, కానీ బృందం నిలవదు. పరిషత్ పోటీలకు వారం ఉందనగా ముఖ్య పాత్ర వేసే కుర్రాడికి నైట్ షిఫ్ట్ పడుతుంది. అప్పుడు పుస్తకం చేతపట్టుకుని దర్శకుడే స్టేజీ ఎక్కాలి. ఇది నేను కళ్లారా చూశాను.

కాబట్టి మొదట శిక్షణ తీసుకోండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ ఉంది, ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్‌ఎస్‌డీ)లో మూడేళ్ల కోర్సు ఉంది. ఎన్‌ఎస్‌డీకి డిగ్రీతో పాటు నాటకాల్లో పనిచేసిన అనుభవం కూడా కావాలి. ఇప్పటి నుంచే కరపత్రాలు, ఫొటోలు జాగ్రత్త చేసుకోండి. ఇంట్లోవాళ్ల టెన్షన్ కూడా న్యాయమైనదే. తిరిగొచ్చాక సాయంత్రాలు చేతిలో ఉండే ఉద్యోగం ఒకటి చూసుకుంటానని చెప్పండి. ఈలోగా, ఏడాది పాటు రోజూ ఆరింటికి తప్పకుండా వచ్చే ఐదుగురు తెనాలిలో దొరుకుతారేమో వెతకండి.