గని నోటి దగ్గర ఆగు తల్లీ

అమ్మీ,

సంక్రాంతి సెలవుల్లో నువ్వూ నీ స్నేహితులూ నల్లమలలో మొదలుపెట్టి, ఎర్రమల మీదుగా పాలకొండల దాకా నడుస్తారంట. పాత రైలు దారులు, మూతపడిన గనులు, వదిలేసిన క్వారీలు చూస్తారంట. మీ అమ్మ ఫోన్లో ఏడుపు గొంతుతో చెప్పింది. నాకు ముందు సంతోషమే అయింది. మన పిల్లలు ఊటీకి పోతారు, అరకుకు పోతారు. వాళ్ల తాతలు ఒళ్లు అరగదీసుకున్న చోటు చూడాలని మాత్రం ఎవరికీ పుట్టదు. నీకు పుట్టింది. ఆ రాత్రి పడుకున్నాక నిద్ర రాలేదు. అందుకే ఈ జాబు. ఫోన్లో చెబితే "సరే తాతా, సరే తాతా" అంటావు, సగం నీ చెవిలోకి కూడా పోదు. కాగితమైతే సంచిలో పెట్టుకుని మళ్లీ చదువుకోవచ్చు.

బూట్లు, టోపీ, మందుల సంగతి నీకు తెలుసు. నీళ్లు మనిషికి నాలుగు లీటర్లకు తక్కువ మోయొద్దు, పుష్యమాసమైనా మన కొండల్లో మధ్యాహ్నం ఎండ ఎండే. ఏ పొద్దు ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతారో రాసి మీ అమ్మకొకటి, నాకొకటి ఇవ్వు. నల్లమలలో ఫారెస్టోళ్ల అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు, అది పులుల అడవి. చిరుతలు, ఎలుగులని మీ అమ్మ దిగులు పడుతోంది. నాకు ఆ దిగులు లేదు. మన అలికిడి వింటే జంతువు చాలాసార్లు తానే తప్పుకుని పోతుంది. నేను భయపడేది గోతులకు.

మొదట దొరబావి వంతెన చూడాలని పెట్టుకున్నావు, మంచిదే. గాజులపల్లె, దిగువమెట్ట మధ్య అడవిలో బోగదాలు, అంటే కొండ తొలిచిన రైలు సొరంగాలు, దాటి మీటరు గేజి బండి ఆ వంతెన మీద నడుస్తుంటే నేను కిటికీ కమ్మీ పట్టుకుని కిందికి చూసినా. లోయ అడుగు కనపడేది కాదు. ధాత కరువులో, అంటే 1876 నుంచి 78 దాకా, సీమలో జనం ఊళ్లకు ఊళ్లే రాలిపోయినాక, గింజలు చేరవేసే దారి ఉండాలని బళ్లారి నుంచి కృష్ణ వైపుకు 1880ల్లో వేసిన లైను అది. 1990ల్లో బ్రాడ్‌గేజి చేసేటప్పుడు దారి పక్కకు మార్చినారు, పాత వంతెన అడవికి మిగిలింది. దూరం నుంచి చూడు, ఫోటోలు తీసుకో, దాని మీదికి మాత్రం ఎక్కొద్దు. నూరేళ్లకు పైబడిన ఇనుము ఎక్కడ తుప్పు తిన్నదో పైనుంచి కనపడదు. కొత్త లైను బోగదాలోకి అసలే పోవద్దు, అందులో బండ్లు తిరుగుతున్నాయి.

నంద్యాల దాటి ఎర్రమల వైపు వచ్చేటప్పుడు కేసీ కాలువ అడ్డమొస్తుంది. దాని గట్టున కాసేపు కూర్చోండి. సుంకేసుల దగ్గర తుంగభద్రను ఆపి కర్నూలు నుంచి కడప దాకా తెచ్చిన కాలువ. 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ లాభం వస్తుందని తవ్వించింది. సేద్యానికే కాదు, పడవలు కూడా నడవాలని దాని ఆలోచన. లాభం రాలేదు, 1882లో సర్కారే కొనుక్కుంది. మెషిన్లు లేని కాలంలో అంత మన్ను ఎత్తింది మన చుట్టుపక్కల ఊళ్ల ఆడా మగా. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు.

బనగానపల్లె, రామళ్లకోట దిక్కున వజ్రాల కోసం తవ్విన పాత గుంటలున్నాయి. పైన గట్టి రాతి పొర, దాని కింద వజ్రాలుండే గులకరాళ్ల పొర. అందుకని 15, 20 అడుగులు నిట్టనిలువుగా దిగి, ఆ పొర వెంట వంగి పోయేంత సందు చేసుకుని లోపల్లోపల తొలిచేవాళ్లు. ఇప్పుడు వాటి మీద తుమ్మ, బలుసు కమ్ముకున్నాయి. పొద మధ్యలో కాలు పెట్టేముందు కర్రతో పొడిచి చూడు. గుంట అంచు చూడటానికి గట్టిగానే ఉంటుంది, కింద తొలిచేసి ఉంటారు కాబట్టి మనిషి బరువుకు కూలుతుంది. అంచుకు నీ ఎత్తుకు రెండింతల దూరంలో నిలబడి చూడు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు చుట్టూ నాపరాయి తీసి వదిలేసిన గుంతల్లో వానలకు నీళ్లు నిండి పచ్చగా కనపడతాయి. ఈతకు దిగొద్దు. చెరువులో మాదిరిగా మెల్లమెల్లగా లోతు పెరగదు, మొదటి అడుగుకే ముప్పై అడుగులు ఉండొచ్చు, పైకి రావాలంటే పట్టుకోను గోడ నున్నగా ఉంటుంది. ఏటా వేసవిలో ఎవరో ఒకరి బిడ్డ అందులో పోతూనే ఉన్నాడు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది.

మన ఇంట్లో గడియారం కింద ఒక ఫోటో ఉంటుంది, మీసాలు మెలేసిన పిల్లగాడు. చిన్నప్పుడు "ఈ తాత ఎవరు?" అని అడిగినావు. "మా అన్న" అని ఊరుకున్నా. ఆయన మా పెద్దనాయన కొడుకు. ఆయన ఎట్లా పోయినాడో నీకు ఎవ్వరూ చెప్పలేదు. మీ అమ్మకు కూడా సగమే తెలుసు.

వేంపల్లె పక్క కొండల్లో ముగ్గురాయి, అంటే బెరైటీస్, పట్టీలుగా దొరికేది. పట్టీ వెంట లోపలికి దిగుతా పోయేవాళ్లు, అది సన్నబడి ఖర్చుకు రాకపోతే ఆ గుంటను వదిలేసి ఇంకోటి మొదలుపెట్టేవాళ్లు. కంచె లేదు, మూత లేదు. అట్లా వదిలేసిన ఒక గుంటలో మేకపిల్ల పడింది. కాసే పిల్లగాడు, పదిహేనేళ్లుంటాయి, గోడకు చెక్కిన మెట్లు పట్టుకుని దిగినాడు. మేకపిల్ల అరుపు ఆగిపోయింది. వాడి మాటా ఆగిపోయింది. మధ్యాహ్నం సద్ది తింటున్న మేము కేకలు విని పరుగెత్తినాము. వంగి చూస్తే అడుగున వాడు పక్కకు తిరిగి పడుకున్నట్టు కనపడుతున్నాడు, అంతే. నెత్తురు లేదు, దెబ్బ లేదు.

మా అన్న గనిలో పుట్టి పెరిగినోడనే చెప్పాలి. ఆయనకు తెలియదని కాదు. తాడు ఇంజన్ షెడ్డులో ఉంది, పోయి తేవడానికి సిగరెట్టు తాగినంత సేపు పట్టదు. "తాడు తెస్తా, ఉండు" అని ఒకాయన పరుగెత్తినాడు కూడా. మా అన్న ఉండలేకపోయినాడు. కింద పిల్లగాడు ఆయనకు తెలిసినోడు, పండగలకు మా ఇంటికి వచ్చేవాడు. తువ్వాలు తీసి నా చేతిలో పెట్టి దిగినాడు. సగం దాకా బాగానే పోయినాడు. ఆడ ఆగి తల ఎత్తి నా వైపు చూసినాడు, ఏదో చెప్పబోయినాడు. చేతులు వాటంతటవే విడిపోయినాయి.

నేను దిగబోయినా. మా ముసలి మేట్, అంటే మా గని పని చూసే పెద్ద, వచ్చి నన్ను వెనక నుంచి పట్టి పడేసి, ఇంకో ఇద్దరిని కట్టెతో కొట్టి తరిమినాడు. "మూడోవాడిని కూడా మోయాలా నేను?" అని అరిచినాడు. తర్వాత లాంతరు తాడుకు కట్టి వదిలినాడు. రెండు నిలువులు దిగేసరికి దీపం ఆరిపోయింది. మళ్లీ వెలిగించి వదిలినాడు, మళ్లీ అక్కడే ఆరింది. వేపమండలు పెద్దవి కొట్టుకొచ్చి తాళ్లకు కట్టి పైకీ కిందికీ ఆడించినాము, బిందెలతో నీళ్లు గుమ్మరించినాము, లోపలి గాలి కదలాలని. పొద్దు వాలే దాకా అదే పని. దీపం అడుగు దాకా వెలిగినాకనే నడుముకు తాడు కట్టుకుని ఒకాయన దిగినాడు. ఇద్దరినీ పైకి తెచ్చినారు. ఒకడు పోయిన చోట ఇద్దరు పోయినారు, రెండో చావు ఆగి ఉండేది.

దీని కారణం నాకు తర్వాత మేట్ పరీక్షకు చదివేటప్పుడు తెలిసింది. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు. గనిలో మనుషులు పనిచేసే చోట 19కి తగ్గకూడదని చట్టం. 16, 17కు వచ్చేసరికి దీపం ఆరుతుంది. 10 కన్నా తగ్గితే మనిషి తనకు తెలియకుండానే పడిపోతాడు. ఊపిరాడటం లేదని కూడా అనిపించదు, వెనక్కు తిరిగే తెలివి ముందే పోతుంది. కుళ్లిన దూలాలు, తుప్పుపట్టే ఇనుము, గాలి ఆడక నిలిచిపోవడం, ఇవన్నీ కలిసి ప్రాణవాయువును తగ్గిస్తాయి. బరువైన గాలి అడుక్కు చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. మీ ముత్తాత జొన్నల పాతర మూత తీసినాక ఒక పూట గడిస్తే గానీ ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. ఆయనకు ఏ పరీక్షా లేదు, తెలిసిందంతా సేద్యమే.

ఇప్పుడు మీ నెత్తికి పెట్టుకునే లైట్లు ఉన్నాయి చూడు, వాటితోనే నాకు ఎక్కువ భయం. లాంతరైతే ఆరి చెప్పేది. మీ లైటు గాలి లేకున్నా వెలుగుతూనే ఉంటుంది. కొండలోకి అడ్డంగా పోయిన సొరంగం కనపడితే, లోపల చల్లగా ఉంది, పది అడుగులే కదా అనుకుంటావు. ఆ పది అడుగులూ వద్దు. పైకప్పు రాయి ఎప్పుడు జారుతుందో చెప్పలేము, పాత నిచ్చెనలు చెద తిని ఉంటాయి, వెనకటి రోజుల్లో పేలకుండా మిగిలిన రాయి పేల్చే మందు తూటా రాతిలోనే ఉండిపోయి ఉండొచ్చు. సన్నటి తీగ ముక్క, రాగి గొట్టం మాదిరిది ఏది కనపడినా ముట్టొద్దు. నీకు ధైర్యం ఎక్కువని నాకు తెలుసు. ఐదేళ్ల పిల్లవు దిబ్బ మీది నుంచి దూకి మోచేయి విరగ్గొట్టుకుని కూడా ఏడవలేదు. ఆ ధైర్యం నాకు ముద్దే. గని నోటి దగ్గర మాత్రం అది పనికిరాదు.

నీ స్నేహితుల్లో ఎవరైనా దిగి పడిపోతే, ఎంత దగ్గరి వాళ్లైనా నువ్వు దిగొద్దు. ఇది నా మీద ఒట్టు. 112కు ఫోను చెయ్యి, సిగ్నలు లేకుంటే ఒకరు గుంట దగ్గర ఉండి ఇద్దరు ఊళ్లోకి పరుగెత్తండి. బయలుదేరకముందే ఈ మాట నలుగురూ కూర్చుని అనుకోండి. అప్పటికప్పుడు అనుకుంటే మనసు ఒప్పదు. మా అన్న మనసు ఒప్పలేదు.

వేంపల్లె దాటి బ్రాహ్మణపల్లె, లింగాల దిక్కున రాతినార, అంటే ఆస్బెస్టాస్, గనులు ఉండేవి. పట్టుకుంటే పట్టుదారం మాదిరిగా విడివడే రాయి, చూస్తే ముచ్చటేస్తుంది. ఇంటికి ముక్క కూడా తేవద్దు. ఆ గుట్టల మీద నడవొద్దు, తన్నొద్దు, గాలి అటునుంచి వీస్తుంటే ఇటు నిలబడొద్దు. మూతికి గుడ్డ కట్టుకుంటే ఆగేంత లావు పోగులు కావు అవి. మీ అవ్వ తమ్ముడు అందులో పనిచేసినాడు. మానేసిన చాలా ఏండ్లకు దగ్గు మొదలైంది, ఆ రోగం ఇరవై ముప్పై ఏళ్లు దాక్కుని బయటికి వస్తుంది. దుమ్ము బట్టలు ఉతికిన ఇంటి ఆడవాళ్లకు కూడా వస్తుంది. సర్కారు 1986లో కొత్త లీజులు ఆపింది, 1993లో పాతవి పొడిగించడమూ ఆపింది. అప్పటికే పీల్చినవాళ్లు పీల్చినారు. తుమ్మలపల్లె యురేనియం గని దగ్గర కెమెరా తీయొద్దు, దూరంగా దాటి పోండి.

పాలకొండల అవతల మంగంపేటను చివరికి పెట్టుకున్నావు, నేనూ అట్లానే పెట్టేవాడిని. ఒక్కచోట అంత ముగ్గురాయి ప్రపంచంలో ఇంకెక్కడా లేదంటారు. అది బయటి గని, పైనుంచి చూస్తే లారీలు చీమల్లా తిరుగుతాయి. అనుమతి తీసుకుని చూడు. అక్కడి రాయి పిడికెడంత చేతిలోకి తీసుకో, నీళ్లకన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. ఆ బరువు కోసమే చమురు బావులు తవ్వేవాళ్లు దీన్ని పొడి చేసి బురదలో కలుపుతారు, కింది నుంచి చమురు, గ్యాసు ఎగదన్నకుండా ఆ బురద నొక్కి పెడుతుంది. మన కొండల రాయి సముద్రాల అడుగున బావుల్లోకి పోయిందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పొంగింది.

ఇంకొక్క మాట. గుంటలు, గోడలు మాత్రమే చూసి వస్తే సగమే చూసినట్టు. ఆడవాళ్లను భూమి లోపలి పనికి అప్పట్లో చట్టం ఒప్పేది కాదు, అందుకే పైన కూర్చుని చిన్న సుత్తెలతో రాయి కొట్టి, తెల్లది ఒక కుప్ప, మచ్చలున్నది ఒక కుప్ప చేసేవాళ్లు. మీ అవ్వ అక్క వేంపల్లెలోనే ఉంది, ఆమె ఆ పని చాలా ఏండ్లు చేసింది. రాయిని ఎక్కడ కొడితే ఎట్లా విడిపోతుందో ఆమెకు తెలిసినంత మా మేట్లకు కూడా తెలియదు. ఆమె దగ్గర ఒక పూట కూర్చోండి, చెప్పిందంతా రాసుకో. చెవుడు వచ్చింది, గట్టిగా మాట్లాడాలి. పొద్దున్నే పో, మధ్యాహ్నమైతే నిద్రపోతుంది. తమలపాకులు, వక్కలు తీసుకుపో. నా పేరు చెప్పు.

మీ తాత