తళ్ళికోట తర్వాత ఎనభై ఏళ్లు

ప్రశ్న: మా అమ్మాయిని ఎం.ఎస్. చదువుకు అమెరికా పంపడానికి బ్యాంకులో అప్పు తీసుకోబోతున్నాను. ఇంతలో ‘అమెరికా పని అయిపోయింది, పెద్ద దేశాలన్నీ కూలిపోతున్నాయి’ అని తెలిసినవాళ్లంతా అంటున్నారు. నిజంగా అగ్రరాజ్యాలు పతనమవుతున్నాయా?
– ఒక తండ్రి, తిరుపతి

జవాబు: తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలుచున్న శ్రీకృష్ణదేవరాయల విగ్రహాన్ని మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు. అదే మండపంలో వెంకటపతిరాయల విగ్రహం కూడా ఉంది. క్యూలో తోపులాట మధ్య దాని వైపు చూసేవారు తక్కువ. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడి హంపి పాడుపడిన ఇరవై ఏళ్లకు గద్దెనెక్కి, రాజధానిని మీ పక్కనున్న చంద్రగిరికి మార్చి, 1614 దాకా ఏలిన రాజు ఆయన. అంటే విజయనగరం కూలిందని మనం బడిలో చదువుకున్న సంవత్సరానికీ, అది నిజంగా లేకుండా పోయిన కాలానికీ మధ్య సుమారు ఎనభై ఏళ్లు గడిచాయి. ఆ ఎనభై ఏళ్లలో రాజ్యాన్ని తినేసింది శత్రువుల కత్తి ఒక్కటే కాదు. మధుర, తంజావూరు, జింజి నాయకులు కప్పం కట్టడం మానుకుంటూ రావడంతో ఖజానా ఎండిపోయింది.

ఈనాటి రాజ్యాలకూ నేను ముందుగా చూసేది ఆ ఖజానానే. 1956లో ఈజిప్టులోని సూయజ్ కాలువ కోసం దాడికి దిగిన బ్రిటన్ సైన్యం అక్కడ ఓడిపోలేదు. పౌండు విలువ నిలబెట్టుకోవడానికి అమెరికా సాయం చేయనన్నందున వెనుదిరిగింది. ఆ అమెరికాయే 2024 ఆర్థిక సంవత్సరంలో రక్షణ కంటే అప్పుల వడ్డీకి ఎక్కువ చెల్లించింది. భయపడవలసిన అంకె ఏదైనా ఉంటే అది ఇదే. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి ప్రపంచ పారిశ్రామికోత్పత్తిలో దాదాపు సగం అమెరికాదేననీ, ఇప్పుడు ప్రపంచ ఆదాయంలో దాని వాటా నాలుగో వంతేననీ చెప్పి పతనమనడం మాత్రం నాకు సమ్మతం కాదు. అప్పట్లో జర్మనీ, జపాన్ శిథిలాలుగా ఉన్నాయి, చైనా అంతర్యుద్ధంలో ఉంది. వాళ్లు లేచి నిలబడితే అమెరికా వాటా తగ్గక ఏమవుతుంది? పక్కింటివాడు మేడ కట్టినంత మాత్రాన మన ఇల్లు కూలినట్టు కాదు. ఇక అమెరికా స్థానంలోకి వస్తుందంటున్న చైనాలో 2022 నుంచి జనాభా తగ్గుతోంది. సోవియట్ యూనియన్‌లా 1991లో చూస్తుండగానే మాయమైన దేశాలు చరిత్రలో అరుదు.

మీ అప్పు సంగతికి వస్తే, అది తీరే పదేళ్లలో మీకు తగిలేది అగ్రరాజ్య పతనం కాదు, వీసా. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేయడానికి కావలసిన హెచ్-1బీ వీసా కింద కంపెనీలకు ఏటా ఇచ్చే కొత్త వీసాల పరిమితి 85,000, అందులోనూ లాటరీ. ఆ లాటరీలో అమ్మాయి పేరు రాకపోతే ఇక్కడి జీతంతో వాయిదాలు కట్టగలరో లేదో కాగితం మీద లెక్క వేసుకున్నాకే బ్యాంకులో సంతకం చేయండి.