శిరీషా, సెపిలోక్ వెళ్ళే ముందు ఇది చదువు

శిరీషా,

పిల్లల్ని తీసుకుని మలేషియా వెళ్తున్నారని, ఒరాంగుటాన్‌లని చూడటానికి అక్కడి సబా రాష్ట్రం దాకా కూడా పోతారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. బరంపురం నుంచి విశాఖ, అక్కణ్ణుంచి కౌలాలంపూర్, మళ్ళీ సండకాన్‌కి ఇంకో విమానం, పిల్లలు అలిసిపోతారు కాబట్టి దిగిన రోజే సెపిలోక్, అదే ఆ ఒరాంగుటాన్‌లని సాకే కేంద్రం, పెట్టుకోకండి. కౌలాలంపూర్‌లో ముద్ర పడినా సబాలో దిగాక మళ్ళీ పాస్‌పోర్ట్ చూస్తారు. టెన్షన్ పడకు, అది అందరికీ ఉన్నదే.

నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. మనకి కోతి కనిపిస్తే చాలు, చెయ్యి అరటిపండు మీదకి పోతుంది. కొండ మీది గుడికి వెళ్ళినప్పుడల్లా పిల్లల చేత శనగలు వేయించి, స్వామీ అని దండం పెట్టిస్తాం. ఆ అలవాటు అక్కడ వద్దు. సెపిలోక్‌లో ఉన్నవి తల్లి లేని పిల్లలు. పామాయిల్ తోటల కోసం అడవి కొట్టేసినప్పుడు తల్లి చచ్చిపోగా దొరికినవి కొన్ని, ఎవరో ఇంట్లో దొంగతనంగా పెంచుకుంటుంటే విడిపించి తెచ్చినవి కొన్ని. ఏ పండు తినాలో, కొమ్మలు వంచి గూడు ఎలా కట్టుకోవాలో తల్లి దగ్గర ఏడెనిమిదేళ్ళు ఉండి నేర్చుకునే జంతువు అది. తల్లి నేర్పాల్సినదంతా 1964 నుంచి అక్కడివాళ్ళు నేర్పి అడవిలోకి పంపుతున్నారు. మనం ఒక్క బిస్కెట్ ఇచ్చి మనిషి దగ్గర తిండి దొరుకుతుందని గుర్తుచేశామంటే వాళ్ళ కష్టానికి మనమే అడ్డుపడినట్టు.

పిల్లల్లో ఎవరికైనా జలుబు, దగ్గు ఉంటే ఆ రోజుకి మానెయ్యండి, టికెట్ డబ్బులు పోతే పోనీ. వాటి డీఎన్‌ఏ 97 శాతం దాకా మనతో కలుస్తుంది, మన రొంప వాటికీ అంటుకుంటుంది. మనకి నాలుగు రోజుల్లో తగ్గేది వాటికి ప్రాణం మీదకి రావచ్చు. ఈ విషయంలో ఎవరు బతిమాలినా ఒప్పుకోకు.

ఉదయం 10కి, మధ్యాహ్నం 3కి చెట్ల మధ్య మంచె మీద పళ్ళు పెడతారు. కాస్త ముందే వెళ్ళి నిలబడండి. అడవిలో పళ్ళు బాగా కాసే రోజుల్లో ఒక్కటీ రాకపోవచ్చు, కడుపు నిండింది గనక రాలేదని పిల్లలకి ముందే చెప్పి ఉంచు. చిన్నవి తాళ్ళు పట్టుకుని ఊగడం అద్దాల వెనక నుంచి చూడొచ్చు, మీవాళ్ళు అక్కణ్ణుంచి కదలరు! సంచులు లాకర్లో పెట్టెయ్యాలి. చెక్కదారి మీద ఏదైనా ఎదురొస్తే వెనక్కి జరిగి దారివ్వండి, పక్కన నిలబడి సెల్ఫీలు వద్దు.

ఎక్కడైనా ఎవరైనా పిల్ల ఒరాంగుటాన్‌ని ఎత్తుకుని ఫొటో దిగొచ్చని పిలిస్తే మాత్రం ఆ చోటికి పోవద్దమ్మా. నిజంగా కాపాడేవాళ్ళు ముట్టుకోనివ్వరు. ఎత్తుకోవడానికి ఎప్పుడూ చిన్నపిల్లే కావాలంటే, ఇది పెద్దదయ్యాక ఇంకోటి ఎక్కణ్ణుంచి తెస్తారో, దాని తల్లిని ఏం చేస్తారో ఆలోచించు.

పక్కనే సన్ బేర్ అనే చిన్న ఎలుగుబంట్ల కేంద్రం ఉంది, పొద్దున, మధ్యాహ్నం పళ్ళు పెట్టే వేళల మధ్య ఖాళీలో అదీ చూసేయండి. వర్షం పడితే జలగలుంటాయి, పిల్లలకి పొడుగు సాక్సులు పెట్టు.

మీ మావయ్య