గడువు కాగితానికే, డబ్బుకు కాదు

చిట్టితల్లీ,

ఈసారి అమెరికా పన్ను రిటర్ను నువ్వే వేసుకుంటున్నావనీ, కాగితాలు అన్నీ అందలేదు కాబట్టి గడువు పొడిగింపు అడగబోతున్నావనీ మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. నాకెంత సంతోషమనిపించిందో! రెండేళ్ళ క్రితం దాకా సంతకం ఎక్కడ పెట్టాలో నాచేత చూపించుకున్న పిల్లవు. కానీ "ఇక అక్టోబరు దాకా నిశ్చింత" అన్నావట. ఆ మాటకే రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గడువు అడగడం సులువే. ఫారం 4868, ఏప్రిల్ 15లోగా ఆన్‌లైన్‌లో పంపు. కారణం చెప్పనక్కర్లేదు. అక్టోబరు 15 దాకా సమయం ఇస్తారు. అందినట్టు వచ్చే రసీదు దాచుకో.

అందులో మొత్తం పన్ను ఎంత ఉంటుందో అంచనా వేసి రాయమంటారు. నేను దెబ్బతిన్నది అక్కడే.

2008లో మాట. మేము ఈ దేశం వచ్చి నాలుగేళ్ళు. మీ తాతయ్యకు గుండె ఆపరేషన్ అని కబురు వచ్చింది. ఉన్నదంతా ఊడ్చి పంపి, నేనూ బయలుదేరుతూ హడావిడిగా ఆ ఫారం నింపి పోస్టు చేశాను. డబ్బు కట్టలేదు. ఆరు నెలల గడువు డబ్బుకూ వర్తిస్తుందనుకున్నాను. ఒక్కరినీ అడగలేదు, చదువుకున్నవాణ్ణి అడగడమేమిటన్న పొగరు. గడువు రిటర్ను వేయడానికేనమ్మా. డబ్బు ఏప్రిల్ 15కే కట్టాలి. కట్టని సొమ్ము మీద నెలకు అర శాతం జరిమానా, అదికాక వడ్డీ.

అంతటితో పోయినా బాగుండేది. అక్టోబరులో లెక్క చూస్తే 4,000 డాలర్లు కట్టాలని తేలింది. చేతిలో నాలుగు వందలు లేవు. డబ్బు లేకుండా రిటర్ను ఎలా పంపుతామని భయపడి, నింపిన కాగితాలు సొరుగులో పెట్టేశాను. రోజూ ఆ సొరుగు తెరవడం, మూయడం. రిటర్ను వేయనందుకు పడే జరిమానా నెలకు అయిదు శాతమనీ, అంటే కట్టనందుకు పడేదానికి పది రెట్లనీ అప్పుడు తెలియదు. జనవరి చివరికి గాని పంపలేదు. నోటీసు వచ్చింది. జరిమానాలే 920 డాలర్లు, వడ్డీ కాక. రిటర్ను వేళకు వేసి, సొమ్ము వాయిదాల్లో కడతానని అడిగే దారి ఉందని ఆ తర్వాత తెలిసింది.

మీ పెద్దమ్మ చెల్లెలి పెళ్ళికి వెళ్ళాలని టిక్కెట్టు కోసం దాచుకున్న డబ్బు తీసి అది కట్టాను. ఆ పెళ్ళి ఆల్బంలో పెద్దమ్మ ఎందుకు లేదని చిన్నప్పుడు నువ్వు అడిగావు, గుర్తుందా? జ్వరం వచ్చిందని చెప్పాం. అసలు కారణం ఇది.

అందుకే ఏప్రిల్ మొదటి వారంలోనే కూర్చో. జీతం కాగితం, అమ్మిన షేర్ల లాభం ముందు పెట్టుకో. ఇప్పుడు నువ్వు ఇక్కడి రెసిడెంటు లెక్కలోకి వచ్చావు, కాబట్టి ఇండియాలోని డిపాజిట్ వడ్డీ కూడా చూపాలి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్, అంటే బయటి దేశాల్లో ఉండే మనవాళ్ళు అక్కడి బ్యాంకులో వేసుకునే డిపాజిట్, దాని వడ్డీకి అక్కడ పన్ను లేకపోయినా ఇక్కడ ఉంది. బ్యాంకు ఇచ్చే పత్రం ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉంటుంది, ఇక్కడి లెక్క జనవరి నుంచి డిసెంబరు. నెలవారీగా విడదీసుకో. అంచనా కాస్త ఎక్కువే వేయి. మిగిలితే తిరిగి ఇస్తారు. మొత్తం పన్నులో 90 శాతమైనా ఏప్రిల్‌కు చేరి, మిగతాది రిటర్నుతో కట్టేస్తే ఆ అర శాతం జరిమానా పడదు, వడ్డీ ఒక్కటే పడుతుంది. మీ కాలిఫోర్నియా పన్నుకు గడువు కోసం ఫారం పంపనక్కర్లేదు గాని, ఆ డబ్బు కూడా ఏప్రిల్‌కే కట్టాలి.

కోప్పడ్డాననుకోకు. పెద్దమ్మ పక్కనే కూర్చుని "పిల్లను బెదిరించకండి" అంటోంది. అంచనా వేశాక నాకు పంపు, ఇద్దరం ఒకసారి చూద్దాం. డబ్బు చాలకపోతే ఆ రోజే చెప్పు. సొరుగులో మాత్రం పెట్టకు.

మీ పెద్దనాన్న