అంతరిక్ష కేంద్రం పరిశోధనల్లో బడి పిల్లలకు చోటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో జరిగే ప్రయోగాల వీడియోలు విడవకుండా చూస్తుంది. తన ప్రయోగం కూడా ఒకటి అక్కడికి పంపాలని పట్టుబడుతోంది. బడి పిల్లలకు నిజంగా అలాంటి వీలుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? ముందుముందు చదువుకూ ఉద్యోగానికీ ఇది పనికొస్తుందా? – ఒక తల్లి

జవాబు: వీలుందండీ, అదీ ఇప్పటిది కాదు. 1973లో అమెరికా తొలి అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కక్ష్యలో తిరుగుతున్న రోజుల్లో అమెరికాలో ఒక హైస్కూలు విద్యార్థిని, బరువే తెలియని చోట సాలీడు గూడు అల్లగలదా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న కోసం అరబెల్లా, అనీటా అని పేర్లు పెట్టిన రెండు సాలీళ్లను పైకి పంపారు. అరబెల్లా మొదట పిచ్చిగీతల్లాంటి గూడు అల్లింది, కొద్ది రోజుల్లోనే అలవాటు పడి చక్కని గూడు కట్టింది. 2012లో ఈజిప్టు విద్యార్థి ఒకరు దీన్ని మరో మెట్టు ఎక్కించాడు. గూడు కట్టకుండా ఎర మీదికి దూకి వేటాడే సాలీడు, కిందికి లాగే బలం తెలియని చోట దూకితే గురి తప్పదా? నెఫర్‌టిటి అనే ఆ సాలీడును అంతరిక్ష కేంద్రంలో చూసుకున్నది సునీతా విలియమ్స్. అది దూకడం తగ్గించి, ఈగ పక్కకు మెల్లగా చేరి పట్టుకోవడం నేర్చుకుంది.

ఈ ఇద్దరి ప్రశ్నలూ ఒక్క వాక్యంలో చెప్పగలిగినవి, నేల మీద ఎంత ప్రయత్నించినా పూర్తిగా జవాబు దొరకనివి. మీ అమ్మాయి దగ్గర అలాంటి ప్రశ్న ఒకటి తయారయ్యాక ఏ పోటీకి పంపాలన్నది రెండో సంగతి. నా దగ్గరికి వచ్చే చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు దరఖాస్తు తెచ్చుకుని, గడువు దగ్గరపడ్డాక ప్రశ్న కోసం వెతుకుతారు.

అందుకే మొదటి పనిగా ఒక ప్లాస్టిక్ సీసా తీసుకోండి. అడుగున పక్కకు చిన్న రంధ్రం పెట్టి నీళ్లు నింపి, మూత తీసి ఉంచితే నీళ్లు సన్నని ధారగా కారుతుంటాయి. ఇప్పుడు మీ అమ్మాయిని ఎత్తుగా ఒకచోట నిలబడి సీసాను వదిలేయమనండి. పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. ఫోనులో నెమ్మదిగా కదిలే వీడియో తీస్తే స్పష్టంగా కనబడుతుంది. సీసాతోపాటు నీళ్లూ అదే వేగంతో పడుతున్నాయి కాబట్టి బయటికి తోసే ఒత్తిడి లేదు. అంతరిక్ష కేంద్రంలో జరుగుతున్నదీ ఇదే. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రం గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో పక్కకు పోతూ, భూమి చుట్టూ నిరంతరం పడుతూనే ఉంటుంది. ‘అక్కడ గురుత్వాకర్షణ ఉండదు’ అని రాసిన ప్రతిపాదనను పరిశీలకులు మొదటి పేరాలోనే పక్కన పెట్టే అవకాశం ఎక్కువ. సీసా ప్రయోగం చేసిన పిల్ల ఆ తప్పు రాయదు.

రెండో పని వినడం. అంతరిక్ష కేంద్రంలో హామ్ రేడియో, అంటే అభిరుచి కొద్దీ లైసెన్సు తీసుకుని మాట్లాడుకునేవారి రేడియో, ఉంది. అరిస్ అనే అంతర్జాతీయ బృందం దాని ద్వారా వ్యోమగాములతో పాఠశాలలను మాట్లాడిస్తుంది. దరఖాస్తు చేయాల్సింది పాఠశాలే. ఆమోదం, సన్నాహం, తేదీ కుదరడం అన్నీ కలిపి చాలా నెలలు పడుతుంది. మాట్లాడే సమయం మాత్రం పది నిమిషాలే, ఎందుకంటే కేంద్రం ఒక దిక్కున పైకి వచ్చి మరో దిక్కున దిగిపోవడానికి పట్టేది అంతే. పిల్లలు వరుసగా నిలబడతారు. ఒకరు ప్రశ్న అడిగి ‘ఓవర్’ అంటారు, పైనుంచి జవాబు వస్తుంది, వెంటనే తరువాతివారు ముందుకు రావాలి. సొంతంగా యాంటెన్నా పెట్టుకోలేని బడికి, వేరే చోటి రేడియో కేంద్రం ద్వారా ఫోను కలిపి మాట్లాడించే ఏర్పాటు కూడా ఉంది.

పాఠశాల ముందుకు రాకపోయినా నిరాశపడకండి. కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్ మీద పంపే మాటలు, బొమ్మలు చిన్న రేడియోతోనూ అందుతాయి. మాట్లాడటానికి లైసెన్సు తప్పనిసరి. వినడానికి మీ దేశపు నియమం ఏమిటో ముందుగా చూసుకోండి. కొన్ని ప్రత్యేక రోజుల్లో కేంద్రం నుంచి బొమ్మలను శబ్దంగా మార్చి పంపుతారు. హిస్సుమనే మోత మధ్యలోంచి ముందు సన్నని ఈల, ఆ వెంట గీరుతున్నట్టు ఒక శబ్దం వస్తాయి. రేడియో స్పీకరు దగ్గర ఫోను పెట్టి ఉచితంగా దొరికే ఆప్ తెరిస్తే తెర మీద ఒక్కో గీతా పేరుకుంటూ రెండు నిమిషాల్లో బొమ్మ పూర్తవుతుంది. యాంటెన్నా పక్కకు తిరిగితే ఆ గీతల దగ్గర బొమ్మ చెదిరిపోతుంది. ఎక్కడ చెదిరిందో, అప్పుడు కేంద్రం ఆకాశంలో ఏ వైపున ఉందో రాసుకున్న పిల్ల అంతరిక్ష సమాచార వ్యవస్థల్లో తొలి పాఠం నేర్చుకున్నట్టే. నా మట్టుకు, పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు ఇంతకంటే మంచి ప్రవేశద్వారం లేదు.

కంప్యూటర్ వైపు ఆసక్తి ఉంటే మరో దారి ఉంది. యూరప్ అంతరిక్ష సంస్థ, పిల్లలకు కంప్యూటర్ విద్య నేర్పే రాస్ప్‌బెరీ పై ఫౌండేషన్ కలిసి 2015 చివర్లో రెండు చిన్న కంప్యూటర్లను కేంద్రానికి పంపాయి. ఆస్ట్రో పై అనే ఆ కార్యక్రమంలో పైథాన్ అనే కంప్యూటర్ భాషలో పిల్లలు రాసిన ప్రోగ్రాములు అక్కడ నడుస్తాయి. పెద్ద పిల్లలకు ఇచ్చే పని నాకు చాలా నచ్చింది: కేంద్రంలోని సెన్సర్లతో, కెమెరాతో సమాచారం సేకరించి దాని వేగం ఎంతో పది నిమిషాల్లో లెక్కగట్టాలి. రెండు ఫొటోల్లో ఒకే తీరరేఖ ఎంత జరిగిందో కొలిచినా జవాబు వస్తుంది. అయితే ఇది ముఖ్యంగా ఆ సంస్థ సభ్య దేశాల పిల్లలకే. ఆసియా, పసిఫిక్ ప్రాంతానికి జపాన్ అంతరిక్ష సంస్థ నడిపే కిబో రోబో ప్రోగ్రామింగ్ పోటీ ఉంది. కేంద్రంలో తేలుతూ తిరిగే ఆస్ట్రోబీ అనే ఘనాకారపు రోబోను జట్లు రాసిన ప్రోగ్రాముతో నడపాలి. అదే సంస్థ అడపాదడపా పెట్టే ‘ఏషియన్ ట్రై జీరో జీ’ అనే కార్యక్రమంలో, చేతికందే వస్తువులతో వ్యోమగామి చేసి చూపగల చిన్న ప్రయోగాలను విద్యార్థుల నుంచి అడుగుతారు. ఏ దేశాల వారికి అర్హత ఉందో ప్రతి ఏటి ప్రకటనలో చూసుకోవాలి.

ఇక మీ అమ్మాయి అడుగుతున్న అసలు సంగతి, ప్రయోగాన్నే పైకి పంపడం. అమెరికా, కెనడాల్లో ప్రధానంగా నడిచే ఒక విద్యార్థి ప్రయోగాల కార్యక్రమంలో జట్టుకు ఇచ్చేది మెత్తటి సిలికాన్ గొట్టం ఒక్కటే. మధ్యలో క్లిప్పులు బిగించి రెండు మూడు అరలు చేసుకోవచ్చు. ఒక అరలో విత్తనాలు, ఇంకో అరలో నీళ్లు, మూడో దాంట్లో ఎదుగుదలను ఆపేసే ద్రవం అనుకోండి. వ్యోమగామి ఫలానా రోజున ఒక క్లిప్పు విప్పి ఊపుతారు, తిరిగి వచ్చే ముందు రెండోది విప్పుతారు. అంతే సహాయం. ఇంత ఇరుకులో ప్రశ్నను ఇమిడ్చడమే విద్య. 2014 అక్టోబరులో సరకుల రాకెట్ ఒకటి పైకి లేచిన క్షణాల్లోనే పేలిపోయి ఇలాంటి గొట్టాలు కూడా కాలిపోయాయి. ఆ పిల్లలు మళ్లీ తయారుచేసి కొద్ది నెలల్లోనే తరువాతి రాకెట్‌లో పంపారు.

మీ దేశంలో ఇలాంటి కార్యక్రమం లేకపోతే నేల మీది సగాన్ని ఇంట్లోనే చేయించండి. ప్రతి అంతరిక్ష ప్రయోగానికీ కింద ఒక జంట ప్రయోగం ఉంటుంది, అది లేకపోతే పైనుంచి వచ్చిన ఫలితాన్ని దేనితో పోలుస్తారు? నిమిషానికి ఒక చుట్టు తిరిగే చిన్న మోటారుకు, తడి దూది మీద మొలకెత్తే గింజలున్న డబ్బాను నిలువుగా బిగించండి. ఏది కింద, ఏది పైన అన్నది క్షణక్షణం మారుతుండడంతో వేరుకు దిక్కు తెలియదు. వేరు కొసన ఉండే పిండిరేణువులు అడుక్కి దిగడాన్ని బట్టే అది కింది వైపును గుర్తిస్తుంది. పక్కనే తిరగని డబ్బా ఒకటి ఉంచి రోజూ వేర్ల కోణాలు కొలవమనండి. వేర్లు ఎదుగుతూ వంకరలు పోవడానికి గురుత్వాకర్షణ కావాలని శాస్త్రవేత్తలే చాలాకాలం అనుకున్నారు. అంతరిక్ష కేంద్రంలోనూ అవి అలాగే వంకరలు పోయాయని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ప్రచురించారు. అంటే మీ అమ్మాయి డబ్బాలో చూసేది తేలిపోయిన విషయమేమీ కాదు.

ఒక హెచ్చరిక. పెద్ద మొత్తం తీసుకుని వారం రోజుల్లో ‘అంతరిక్ష శాస్త్రవేత్త’ ధ్రువపత్రం ఇస్తామనే ప్రకటనలు మీ కంటపడతాయి. పిల్ల అక్కడ ఏం కొలుస్తుంది, ఏం రాస్తుంది అని అడగండి. సూటిగా చెప్పలేకపోతే డబ్బు కట్టకండి.

ఉద్యోగం సంగతికి వస్తే, వ్యోమగామి కావడం ఒక్కటే దారి అనుకోవద్దు. అక్కడ జరిగే ప్రతి ప్రయోగం వెనుకా నేల మీద పెద్ద బృందం ఉంటుంది. అమెరికాలో హంట్స్‌విల్‌లోని నాసా మార్షల్ కేంద్రం నుంచి రాత్రింబవళ్లు ప్రయోగాలను సమన్వయం చేసేవారున్నారు. మొక్కల జీవశాస్త్రం, ద్రవాల భౌతికశాస్త్రం, మంటల శాస్త్రం, ఎముకల వైద్యం, రేడియో ఇంజనీరింగ్, భద్రతా పరిశీలన, అన్నిటికీ అక్కడ పని ఉంది. కాబట్టి ఎనిమిదో తరగతిలోనే ఏ కోర్సు అని తేల్చేయకండి. గణితం, భౌతికశాస్త్రం గట్టిగా ఉండనివ్వండి, ప్రోగ్రామింగ్ ఒకటి నేర్పించండి. ఇప్పుడున్న కేంద్రాన్ని 2030 వరకు నడపాలని ప్రణాళిక. ఆమె డిగ్రీ చేతికొచ్చేనాటికి పని చేసేది మరో కేంద్రంలో కావచ్చు. చైనా కేంద్రం ఇప్పటికే తిరుగుతోంది, ప్రైవేటు కేంద్రాలు తయారవుతున్నాయి.

చదువుకు అడ్డం వస్తుందేమోనని మీకు భయం ఉంటే అది న్యాయమైనదే. వారానికి రెండు గంటలు, ఒక నోటుపుస్తకం, అంతకుమించి పెట్టకండి. తేదీ, ఏం అనుకుంది, ఏం జరిగింది, ఎందుకు తేడా వచ్చింది, ఇవన్నీ ఆమె చేతిరాతలోనే ఉండాలి. మీరు దిద్దకండి. పోటీల్లో గెలవకపోయినా, పదిహేడేళ్ల వయసులో విశ్వవిద్యాలయం ఇంటర్వ్యూలో ఆ పుస్తకం తెరిచి మాట్లాడే పిల్లకూ, ధ్రువపత్రాల దొంతర చూపే పిల్లకూ ఉండే తేడా నేను చాలాసార్లు చూశాను.

ఈ వారం సీసా ప్రయోగం చేయించండి. అది పూర్తయిన వెంటనే ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మూడు ప్రశ్నలను మార్చకుండా రాసి నాకు పంపండి. వాటిలో ఏది గొట్టంలో పడుతుందో, ఏది రేడియోకు పనికొస్తుందో కలిసి చూద్దాం.