లొంగిపోయినవాణ్ని చంపితే సొంత సైనికుడి మీద కేసు పెడతారా?

చేతులెత్తేసిన శత్రువును చంపితే సొంత సైన్యమే కేసు పెడుతుందా, లేక ఆ రూల్స్ అన్నీ కాగితాల మీదేనా అని అడిగారు. పెడుతుంది. కాకపోతే విషయం బయటికి రావాలి.

నేను ఆర్మీలో 17 ఏళ్లు చేశాను. రిక్రూట్‌గా ఉన్నప్పుడు జెనీవా ఒప్పందాల (యుద్ధంలో ఖైదీలను, గాయపడినవాళ్లను ఎలా చూడాలో చెప్పే అంతర్జాతీయ రూల్స్) క్లాసులో మా ఉస్తాద్, అంటే ట్రైనింగ్ ఇచ్చేవారు, ఒక ప్రశ్న వేశారు. "నీ పక్కనున్నవాడు ఇప్పుడే చచ్చిపోయాడు. చంపినవాడు తుపాకీ పడేసి చేతులెత్తాడు. ఏం చేస్తావ్?" ఒక కుర్రాడు "కాల్చేస్తాను ఉస్తాద్" అన్నాడు. ఆయన తిట్టలేదు. మా వైపు తిరిగి, "వీడు కాలిస్తే నాకొచ్చి చెప్పేవాళ్లు చెయ్యెత్తండి" అన్నారు. ఒక్క చెయ్యి లేవలేదు. నాదీ లేవలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 జులై 14న ఇటలీ ద్వీపం సిసిలీలోని బిస్కారి ఎయిర్‌ఫీల్డ్ దగ్గర అమెరికా సైనికులు 70 మందికి పైగా ఖైదీలను కాల్చేశారు. దాదాపు అందరూ ఇటాలియన్లే. శవాలను చూసిన సైనిక మతగురువు విలియం కింగ్ ఊరుకోలేదు, పైవాళ్లకు చెప్పాడు. చచ్చినవాళ్లు స్నైపర్లని (దాక్కుని కాల్చేవాళ్లని) రాయించేద్దామని అక్కడి అమెరికా సేనాధిపతి జనరల్ ప్యాటన్ మొదట చూశాడు గానీ, ఆయన కింద పనిచేసే జనరల్ బ్రాడ్లీ ఒప్పుకోలేదు. తన చేత్తో కాల్చిన సార్జెంట్ వెస్ట్‌కి యావజ్జీవం పడింది, కానీ ఏడాది పైచిలుకుకే మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. ఖైదీలను వరసగా నిలబెట్టి కాల్పించిన కెప్టెన్ కాంప్టన్ మాత్రం, ప్యాటన్ ప్రసంగంలో చెప్పిందే చేశానని వాదించి నిర్దోషిగా బయటపడ్డాడు. నాకు కోపం తెప్పించేది ఇదే. ఆర్డర్ ఇచ్చినవాడికే ఎక్కువ బాధ్యత ఉండాలి.

ఈమధ్య కాలంలో చూస్తే బ్రిటన్ కేసు ఉంది. 2011లో అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్‌లో మెరైన్ సార్జెంట్ అలెగ్జాండర్ బ్లాక్‌మన్ గాయపడి పడి ఉన్న తాలిబన్‌ను కాల్చి చంపాడు. అక్కడున్నవాళ్లెవరూ నోరు విప్పలేదు. మరో మెరైన్ ల్యాప్‌టాప్‌లో పోలీసులకు హెల్మెట్ కెమెరా వీడియో దొరకబట్టే కేసు నడిచింది. 2013లో హత్యానేరం రుజువైంది. అప్పటి అతని మానసిక స్థితిని లెక్కలోకి తీసుకుని 2017లో దాన్ని హత్య కంటే తక్కువ నేరంగా తగ్గించారు. ఆ తగ్గింపును నేను తప్పుపట్టను, నెలల తరబడి ఆ టెన్షన్‌లో ఉంటే మనిషి ఏమవుతాడో చూశాను. విచారణ మాత్రం జరిగి తీరాల్సిందే.

మన దగ్గర 1960 జెనీవా ఒప్పందాల చట్టం ఉంది. ఖైదీని కావాలని చంపితే ఉరి లేదా యావజ్జీవం. కానీ ప్రభుత్వమో, అది నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఆ కేసు తీసుకోలేదు. చనిపోయిన ఖైదీ ఇంటివాళ్లు ఆ చట్టం కింద నేరుగా కోర్టుకు వెళ్లే దారి లేదు.