‘లెఫ్ట్ బ్రెయిన్’ అని రిపోర్టు వచ్చింది, మా అమ్మాయి ఆర్కిటెక్చర్‌కు పనికిరాదా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కలు బాగా చేస్తుంది, ఆర్కిటెక్ట్ అవుతానంటోంది. చిన్నప్పుడు గోడలన్నీ బొమ్మలతో నింపేది. ఆరో తరగతికి వచ్చేసరికి మానేసింది. చుక్కల ముగ్గు మాత్రం ఎంత పెద్దదైనా తడుముకోకుండా వేస్తుంది. స్కూల్లో వేలిముద్రలతో చేసిన పరీక్షలో ‘లెఫ్ట్ బ్రెయిన్ ఎక్కువ, డ్రాయింగ్ వైపు వద్దు’ అని రిపోర్టు ఇచ్చారు. ఏం చేయమంటారు? - ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ఆ రిపోర్టును పక్కన పెట్టేయండి. వేలిముద్రలు బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడతాయి. వాటిని చూసి మెదడులో ఏ భాగం ఎంత పనిచేస్తుందో చెప్పడానికి శాస్త్రీయ ఆధారం లేదు. తర్వాత ‘రైట్ బ్రెయిన్ యాక్టివేషన్’ కోర్సులో చేరమంటే ఒక్క రూపాయి కూడా కట్టకండి.

‘కుడి మెదడు బొమ్మలకు, ఎడమ మెదడు లెక్కలకు’ అన్న మాటకు మూలం 1960లలో అమెరికాలో రోజర్ స్పెర్రీ, మైకేల్ గజానిగా చేసిన పరిశోధనలు. మెదడు రెండు అర్ధభాగాలనూ కలిపే కార్పస్ కలోసమ్ అనే నరాల కట్టను, తీవ్రమైన మూర్ఛకు చికిత్సగా కోసేసిన రోగులను వాళ్లు పరీక్షించారు. కుడిచేతి వాటం వాళ్లే అయినా, ఘనం బొమ్మను చూసి వేయమంటే ఎడమ చేత్తోనే మెరుగ్గా వేశారు. ఎడమ చేతిని నడిపేది కుడి అర్ధభాగం. స్పెర్రీకి 1981లో నోబెల్ కూడా వచ్చింది. పరిశోధనలో తప్పు లేదు, దాన్ని పట్టుకుని పిల్లల్ని రెండు రకాలుగా విడగొట్టడంలో ఉంది. మీ అమ్మాయి మెదడులో ఆ కట్ట తెగలేదు. దాదాపు 20 కోట్ల నరాల పోగుల మీదుగా రెండు భాగాల మధ్యా సమాచారం నిరంతరం నడుస్తూనే ఉంటుంది.

కుడి భాగం దెబ్బతిన్నవాళ్లు సైకిల్ బొమ్మ వేస్తే చక్రం, పెడల్, హ్యాండిల్ అన్నీ ఉంటాయి గానీ ఒకదానితో ఒకటి అతకవు. ఎడమ భాగం దెబ్బతింటే మొత్తం ఆకారం కుదురుతుంది, వివరాలు తగ్గిపోతాయి. అంటే బొమ్మకు రెండు భాగాలూ కావాలి. 2013లో యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు వెయ్యికి పైగా మెదడు స్కాన్‌లు పరిశీలించారు. మొత్తం మెదడు ఒకవైపే మొగ్గే మనుషులుంటారనడానికి వాళ్లకు ఆధారం దొరకలేదు.

మీ అమ్మాయి బొమ్మలు మానేయడానికి అసలు కారణం వయసులో ఉంది. మూడు నాలుగేళ్ల పిల్లలు గుండ్రటి తలకే కాళ్లూ చేతులూ తగిలిస్తారు. ఐదు నుంచి ఎనిమిదేళ్లప్పుడు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన ఇల్లు, కొబ్బరిచెట్టు. ఇవన్నీ కళ్లతో చూసి వేసేవి కావు, మనసుకు తెలిసినవి. 1972లో బ్రిటన్‌లో ఒక ప్రయోగం చేశారు. పిడి కనపడకుండా తిప్పి పెట్టిన కప్పును చూసి వేయమంటే, ఎనిమిదేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువమంది కనిపించని పిడిని కూడా వేశారు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య పరిస్థితి మారుతుంది. తన బొమ్మ అసలుదానిలా లేదని బిడ్డకే తెలిసిపోతుంది. సరిచేసే పద్ధతి మాత్రం ఎవరూ చూపించరు. అప్పుడే చాలామంది ఆపేస్తారు, మీ అమ్మాయి ఆపింది కూడా అక్కడే. ఇది ప్రతిభ లేకపోవడం కానే కాదు.

ముగ్గుల సంగతి రాయడం మంచిదైంది. చేతికి అదుపు, ఆకారాలను గుర్తుపెట్టుకునే శక్తి రెండూ ఉన్నాయన్నమాట. కాకపోతే ముగ్గులో దూరాలను చుక్కలే చూపిస్తాయి. ఎదురుగా ఉన్న కుర్చీకి చుక్కలుండవు, కొలత కంటితోనే తీయాలి. ఇక నేర్చుకోవాల్సింది అదే.

వారానికి ఐదు రోజులు, రోజూ అరగంట చాలు. ఏ4 కార్ట్రిడ్జ్ కాగితాలు (బొమ్మలకు వాడే మందపాటి కాగితం), 2బీ, 4బీ పెన్సిళ్లు కొనండి. మొదటి నెల రబ్బరు ఇవ్వకండి. తప్పు గీత కళ్లముందు ఉంటేనే దాని పక్కన సరైన గీత ఎక్కడ పడాలో తెలుస్తుంది.

మొదటి రెండు వారాలు బాపు గీసిన బొమ్మ ఒకటి తీసుకుని, తలకిందులుగా పెట్టి చూసి వేయమనండి. పైఅంచు నుంచి మొదలుపెట్టి, మిగతా భాగాన్ని కాగితంతో కప్పుకుని, కొంచెం కొంచెంగా జరుపుకుంటూ రావాలి. ‘ఇది ముక్కు, ఇది జడ’ అని గుర్తుపట్టే వీలు తగ్గుతుంది కాబట్టి కన్ను గీత వంపునూ కోణాన్నీ చూస్తుంది. ముందు చుట్టూ అవుట్‌లైన్ గీసేసి తర్వాత లోపల నింపితే కొలతలు కుదరక ఇరుకైపోతుంది. మధ్యలో కాగితం తిప్పి చూడకూడదు.

తర్వాత ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీని కాకుండా కాళ్ల మధ్య, చేతుల కింద కనిపించే ఖాళీల ఆకారాలను గీయాలి. ఆపైన పెన్సిల్‌తో కొలవడం: చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, చెంబు వెడల్పును పెన్సిల్ మీద బొటనవేలితో గుర్తించి, ఎత్తు అందుకు ఎన్ని రెట్లో చూడాలి. మోచెయ్యి కాస్త వంగినా కొలత మారిపోతుంది, ఎక్కువ పొరపాట్లు ఇక్కడే వస్తాయి. చెంబు అడుగు నేల మీద ఆనుతుందని తెలుసు కాబట్టి పిల్లలు అక్కడ తిన్నని అడ్డగీత గీస్తారు. నిజానికి కంటి మట్టానికి కింద ఉన్న చెంబులో అడుగు వంపు, మూతి వంపు కన్నా ఎక్కువ గుండ్రంగా ఉంటుంది. ముఖాల్లో కళ్లను పైకి నెట్టేయడమూ ఇలాంటిదే, కళ్లు ఉండేది తల ఎత్తులో దాదాపు సగం దగ్గర.

ఫోన్‌లో హీరోల ఫొటోలు చూసి వేయడం షేడింగ్‌కు పనికొస్తుంది, అంతకుమించి కాదు. లోతును కాగితం మీదికి దించే పని ఫొటోలో కెమెరాయే చేసేసింది. ఆర్కిటెక్చర్‌కు కావాల్సింది ఆ పనే.

చదువు విషయానికి వస్తే, ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవాలి. ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటాలో 2025లో 200 మార్కులకు 80 డ్రాయింగ్, కంపోజిషన్‌కే. ఆర్కిటెక్చర్‌కే ఉన్న మరో పరీక్ష జేఈఈ మెయిన్ పేపర్ 2ఏలో 400కు 100 డ్రాయింగ్‌వి. మార్కుల విభజన మారవచ్చు, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. మూడేళ్ల సమయం ఉంది, ఇప్పుడే కోచింగ్ అక్కర్లేదు. ఇంటర్ మొదటి ఏడాది వేసవి నుంచి టైమ్ పెట్టుకుని వేయిస్తే సరిపోతుంది. ఈలోగా మనసు మారి డిజైన్ వైపు వెళ్తానంటే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష ఉంది, దానికి ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు. అందులోనూ చేత్తో గీసే భాగం ఉంటుంది కాబట్టి ఈ సాధన వృథా పోదు.